భయములేని గుహ



మన యిండ్లలో పిల్లలును, పిల్లలతోపాటు కొందఱు పెద్దలును సెల్‌ఫోను తెఱమీద ఆటలాడుచుండుట అందఱమును చూచుచున్నదే. ఆ యాటలనగానే మనకు తుపాకి మ్రోతలును, బండ్ల పరుగులును జ్ఞప్తికి వచ్చును. పందెములు గట్టి కొంపలు గూల్చుకొన్నవారి గాథలును జ్ఞప్తికి వచ్చును. ధనము నొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు 2025వ సంవత్సరమున భారత పార్లమెంటు చట్టమొకటి చేసినది. ఆ జాతి యాటలను గుఱించి నేను నేడు ముచ్చటింపబోను. వీడియో ఆటలలోనే వేఱొక శాఖ కలదు. అందు పందెము లేదు. శత్రువు లేడు, ఉన్నను లెక్కింపదగినవాడు కాడు. గడియారము వెనుకనుండి తఱుముకొని రాదు. ఆడువాడు తా నెఱుగని ప్రదేశమున నొంటరిగా నడచును, నలుదిక్కులు చూచును, మూసియున్న తలుపు కనబడినచో దాని తాళపుచెవి యెక్కడనుండునో యోచించును, తెఱచును, మఱల నడచును. ఇంతియే.

"ఇందేమున్నది? దీనికై గంటలకొలది కూర్చుండుట యేల?" అని పెద్దలు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. దీనికి సమాధానము తెఱమీద వెదకిన దొరకదు. అమెరికా దేశమున కెంటకీ రాష్ట్రములో భూమి క్రింద నున్న యొక గుహలో దొరకును. కావున మిమ్ము ముందుగా అచటికి గొనిపోయెదను.

ఆ గుహ పేరు మామత్ గుహ. మామత్ అనగా పూర్వయుగములందు నశించిపోయిన యొక మహాగజము. గుహ యొక్క విస్తారమునుబట్టి ఆ పేరు వచ్చినదే కాని ఆ యేనుగు నెముకలు అందు దొరకుటచేత గాదు. సున్నపురాతి నేలలో వర్షపు నీరు ఇంకి, రాతిని కొంచెము కొంచెముగా కరగించుకొనుచు పోగా, లక్షలకొలది సంవత్సరములకు ఏర్పడిన సొరంగముల జాలమది. మన నంద్యాల జిల్లాలోని బెలుం గుహలును ఇట్లు పుట్టినవే. బెలుం గుహల పొడవు సుమారు మూడు కిలోమీటర్లు మాత్రమే కాగా, మామత్ గుహలో ఇప్పటికి కొలిచిన దారులు 420 మైళ్లకు పైబడి యున్నవి. భూమిమీద ఇంతకంటె పొడవైన గుహ తెలియరాలేదు. ఇంకను కొలువవలసినది మిగిలియే యున్నది.

ఈ గుహకు మొదటి గొప్ప అన్వేషకుడు ఒక బానిస. అతని పేరు స్టీఫెన్ బిషప్. 1838లో గుహను కొన్న న్యాయవాది అతనిని అచటికి దెచ్చి, చూడవచ్చినవారికి దారిచూపు పనిలో పెట్టెను. అప్పటి కతడు ఇంకను ఇరువది యేండ్లు నిండని పిల్లవాడు. యజమానుడు చెప్పిన దారి చూపి, కాసులు తెచ్చి యిచ్చిన చాలును. కాని బిషప్ అంతటితో ఊరకుండలేదు. అడుగు కానరాని యగాధ మొకటి అంతవఱకు అందఱను ఆపియుండెను. దానిమీద కఱ్ఱలు వేసికొని అతడు ఆవలి యొడ్డు చేరెను. ఆవల ఏమున్నదో మనుజమాత్రుడు చూచి యుండలేదు. క్రింద చీకటిలో పాఱు నేఱును, అందు కన్నులులేని తెల్లని చేపలును అతని మూలమున లోకమునకు తెలిసినవి. 1842లో రెండవ యజమానుని యింట కూర్చుండి, జ్ఞాపకమునుండియే అతడు గుహకు పటము గీచెను. 1845లో అచ్చుపడిన గ్రంథమున ఆ పటము చేర్పబడినది. 1856లో అతనికి స్వేచ్ఛ లభించెను. మఱుసటి యేడే మరణించెను.

పగ్గము పరుల చేతనున్నవాడు, పగలు రేయి యొక్కటైన చోట, చేత చమురుదీప మొకటి పట్టుకొని, ఎవ్వరును పొమ్మనకుండగనే ముందుకు బోయెను. ఏల పోయెను? కూలి పెరుగదు. కీర్తి యజమానునిది. భూమిమీద అతనికి లేని దేదియో ఆ చీకటిలో లభించియుండవలెను. మలుపు తిరుగవలెనా వద్దా యనుట అచట అతని వశము. మన ప్రశ్నకు సమాధానము సగము ఇచటనే యున్నదని నా తలంపు.

ఐతే గుహ దయగలది గాదు. దీనిని మఱువరాదు. ఆ కెంటకీ ప్రాంతముననే ఫ్లాయిడ్ కాలిన్స్ అను నతడుండెను. 1917లో అతడు మంచి గుహనొకదానిని కనుగొన్నను, అది రాదారికి దూరమగుటచేత యాత్రికులు అంతగా రాలేదు. దారికి దగ్గఱగా వేఱొక గుహను వెదకుచు, 1925 జనవరి 30వ తేదీన, ఇసుకగుహ యను పేరుగల యొక సందులో దూఱెను. తిరిగివచ్చునపుడు ఒక రాయి జాఱి అతని పాదముమీద బడెను. పెద్దబండ గాదు, రెండుచేతులతో ఎత్తదగినంత రాయి. కాని సందు ఎంత ఇఱుకనగా, అతని చేయి పాదమువఱకు అందలేదు. ఇతరుల చేయియు నందలేదు. స్కీట్స్ మిల్లరను చిన్న విలేఖరి, బక్కపలుచని వాడగుటచే, లోనికి బ్రాకిపోయి అతనితో మాటలాడి, అన్నము తినిపించి వచ్చుచుండెను. రేడియో ప్రసారములు అప్పటి కింకను శైశవదశలో నుండెను; ఐనను కాలిన్స్ వార్త దేశమంతయు రేడియోలో వినెను. వేలకొలది జనము గుహముఖమున తిరునాళ్లవలె గుమిగూడిరి. ప్రక్కనుండి బావి త్రవ్వి ఫిబ్రవరి 16న అతనిని చేరునప్పటికి ప్రాణము లేదు.

ఇంత జరిగినను మనుష్యులు ఆ గుహలలో దూఱుట మానలేదు. కాలిన్స్ కనుగొన్న గుహయు, దాని చుట్టుపట్లనున్న మఱికొన్నియు ఒకదానితో నొకటి కలిసియున్నట్లు క్రమముగా తేలెను. ఇక మిగిలిన ప్రశ్న యొక్కటే. లోయ కీవలనున్న ఈ జాలము, ఆవలనున్న మామత్ గుహతో భూమిక్రింద కలియుచున్నదా? అనేక సంవత్సరములు వెదకిరి. కడకు 1972లో పట్రీషియా క్రౌథర్ అను నామె, ఇతరులు పట్టని మిక్కిలి యిఱుకైన కంతలోనుండి దూఱి, ఆవల దారి యున్నదని చూచెను. ఆ దారిలో పోగా పోగా, గోడమీద పీట్ అను పేరును, ప్రక్కనే యొక బాణపు గుఱుతును చెక్కియుండుట కానవచ్చెను. అది మామత్ గుహలో దిరిగిన పాతకాలపు అన్వేషకుని పేరు! సెప్టెంబరు 9న ఆఱుగురు మఱల బయలుదేఱిరి. ఱొమ్ములోతు నీటిలో నడచి, చీకటిలో ముందుకు బోయిన నాయకుని దీపపు వెలుగులో ఇనుప కమ్మి యొకటి మెఱసెను. అది యాత్రికులు పట్టుకొని నడచుటకై మామత్ గుహలో పాతిన కమ్మి. రెండు గుహలు నొక్కటియే యని తేలినది. నాటి కొలత 144 మైళ్లు దాటెను.

ఆమె భర్త విల్ క్రౌథర్. అతడును గుహలలో దిరిగినవాడే. కాని అతని జీవనోపాధి కంప్యూటరు పని. మసాచుసెట్స్ రాష్ట్రమున బోల్ట్ బెరానెక్ న్యూమన్ అను సంస్థలో, నేటి ఇంటర్నెట్టునకు తాతవంటి ఆర్పానెట్టు అను తంతిజాలమునకు కావలసిన ఆదేశగ్రంథమును వ్రాసినవారిలో నతడొకడు. గుహలో కొలతబద్దతోను, దిక్సూచితోను సేకరించిన అంకెలను దంపతులిద్దఱు ఇంటికి దెచ్చి కంప్యూటరున కెక్కించి, దానిచేత పటములు గీయించుచుండెడివారు. గుహ వారిద్దఱి సంసారములో మూడవ మనుష్యునివలె నుండెనన్న అతిశయోక్తి కాదు.

ఆ సంసారము నిలువలేదు. భార్యాభర్తలు విడిపోయిరి. పిల్లలు ఇద్దఱు ఆడపిల్లలు. తండ్రికి పిల్లలు దూరమైరి; గుహయు దూరమయ్యెను, ఏలయన ఆ స్నేహబృందము దంపతులిద్దఱికి చెందినది; అందులోనికి ఒంటరిగా బోవుట అతనికి మనస్కరింపలేదు. 1975, 1976 సంవత్సరముల నడుమ, తీరిక వేళల, అతడొక ఆటను వ్రాసెను. తన గుహాయాత్రలను కల్పనగా మఱల నిర్మించుటయు, పిల్లలు తన యొద్దకు వచ్చినపుడు ఆడుకొనుటకు ఏదో యుండుటయు, ఇవియే తన యుద్దేశములని అతడు తరువాత చెప్పెను. కంప్యూటరుల నెఱుగని వారును ఆడగలుగవలెనని అతని కోరిక. కావున యంత్రభాషను విడిచి, మాములు మాటలతోనే యది నడచునట్లు చేసెను.

ఆ యాటలో బొమ్మ యొక్కటియు లేదు. ఇది పెద్దలు గమనింపవలెను. కొన్ని చోట్ల తెఱ గూడ లేదు. టెలిప్రింటరువంటి యంత్రము కాగితముమీద టకటక కొట్టుచుండెను. నీవు ఫలాని చోట నున్నావు, ఎదుట ఇటుకల చిన్న యిల్లున్నది, చుట్టును అడవి యున్నది, ఇంటిలోనుండి సెలయేఱు పాఱుచున్నదని అది వర్ణించి యూరకుండును. ఆడువాడు ఒకటి రెండు మాటలు కొట్టవలెను: లోనికి పొమ్మనియో, దీపము తీసికొమ్మనియో, ఉత్తరముగా నడువుమనియో. యంత్రము ఫలితము చెప్పును. ఇంటిలో దీపము, తాళపుచెవులు, కొంచెము అన్నము, నీళ్లబుడ్డి యుండును. సెలయేటి వెంట నడచినచో నేలలో ఇనుప కటకటాల తలుపు కనబడును. తాళము తీసి దిగినచో గుహ. క్రౌథర్ రచించిన గుహలో 66 చోట్లుండెను. అది యెఱిగిన మాటలు 193 మాత్రమే. ఆ గుహ ఊహాలోకపు గుహ గాదు. మామత్ జాలములో కలోసల్ గుహ యను భాగము కలదు. దానిలోనికి బెడ్‌క్విల్ట్ అను దారి కలదు. ఆ దారినే, మలుపు మలుపుగా, అఱ యఱగా, అతడు జ్ఞాపకమునుండి దింపెను. స్టీఫెన్ బిషప్ పటము గీచినట్లే.

అందలి చిక్కుముడి నొకదానిని మీకు చెప్పెదను. దానివలన ఈ జాతి యాటల రుచి తెలియును. గుహలో నొకచోట పంజర మున్నది. కొంచెము ముందుకు పోగా ఒక నల్లని కోల పడియున్నది. ఆవల నొక చిన్నపక్షి కూర్చుండి పాడుచున్నది. పక్షిని పట్టుకొమ్మన్నచో, అది బెదరి చేతికి చిక్కదు. ఏల? చాలసేపటికి తట్టును: మన చేతిలో కోల యున్నది గదా! కోలను క్రింద బెట్టి, పంజరము చేతబట్టి పోయినచో పక్షి చిక్కును. మఱికొంత దూరమున, పెద్ద చావడిలో, భయంకరమైన పాము దారి కడ్డముగా నున్నది. కత్తి లేదు, ఉన్నను లాభము లేదు. పక్షిని విడిచిపెట్టినచో అది పామును పొడిచి తఱిమివేయును. ఇదియే ముడి, ఇదియే విడుపు. ఇందులో బలముతో బని లేదు. వేళ్ల వేగముతో బని లేదు. మన నాయనమ్మలు పొడుపుకథ వేసి, మనము విప్పలేక గింజుకొనుచుండగా నవ్వుచు కూర్చుండెడివారు. విడుపు విన్నపుడు "ఓసి, ఇంతేనా!" యనిపించును, ఎదుటనే యుండినది మనకు కనబడలేదని సిగ్గును, సంతోషమును ఒక్కమాటు కలుగును. ఆ సంతోషమే యిది.

మన వైకుంఠపాళితో దీనిని పోల్చి చూడుడు. వైకుంఠపాళిలో నిచ్చెన యెక్కుటయు, పామునోట బడుటయు గవ్వల వశము. ఆడువాని బుద్ధికి అందు తావులేదు. దానిని కల్పించిన పెద్దలు కర్మగతిని చూపదలచిరి గనుక అది దోషము గాదు. క్రౌథర్ గుహలో పాము మ్రింగదు. అడ్డముగా మాత్రము నిలుచును. ఎన్నిసారులు తప్పు చేసినను, తిరిగి వెనుకకు బోయి యోచించుకొని రావచ్చును. కాలిన్స్ పాదముమీద బడిన రాయి ఈ గుహలో లేదు. చూడవలెనను కోరికను మాత్రము గుహలోనుండి తీసికొని, ప్రాణభయమును గుహలోనే విడిచిపెట్టి వచ్చినాడు క్రౌథర్. అక్కడక్కడ గొడ్డలి విసరు మరుగుజ్జులను పెట్టెను గాని, ఆ యాటను తలచుకొనువా రెవ్వరును మరుగుజ్జులకొఱకు తలచుకొనరు.

1976లో అతడు దానిని కార్యాలయపు యంత్రములో విడిచిపెట్టెను. అది తంతిజాలము వెంట ఎక్కడెక్కడికో ప్రాకిపోయెను. స్టాన్‌ఫర్డులో డాన్ వుడ్స్ అను విద్యార్థి దానిని చూచి, మెఱుగుపఱుపవలెనని యెంచెను. కర్త యెవరో తెలియును, ఎక్కడనున్నాడో తెలియదు. అందుచేత తంతిజాలమున నున్న ప్రతి యంత్రమునకును క్రౌథర్ పేరిట జాబు పంపెను. ఒకదానికి జవాబు వచ్చెను! అనుమతి పొంది, 1977లో వుడ్స్ గుహను 140 చోట్లకు పెంచి, నిధులను, వాటిని దొంగిలించు ఓడదొంగను, బ్యాటరీ తఱుగు దీపమును చేర్చెను. ఇది చేరిన ప్రతి కార్యాలయమునను రెండువారములపాటు పని నడవలేదని ఆనాటివారి పరిహాసము.

గుహలో నొక చిక్కుత్రోవ కలదు. ఏ యఱలోనికి పోయినను వర్ణన అక్షరము తేడా లేకుండ నొక్కటే. వచ్చిన చోటికే వచ్చితిమో, క్రొత్తచోటికి వచ్చితిమో తెలియదు. ఆడువారు ఉపాయము కనిపెట్టిరి: చేతనున్న వస్తువు నొక్కొక్క యఱలో నొకటి వదలుచు పోవుట, మఱల ఆ వస్తువు కనబడినచో ఈ యఱ పూర్వము చూచినదే యని గుఱుతు. ప్రక్కను కాగితము పెట్టుకొని గీతలు గీచుట. నిజమైన గుహలో అన్వేషకులు చేయునదియు సరిగా ఇదియే. బొమ్మ లేని యాట ఆడుచు, గుహ మొగము చూడని మనుష్యులు వేలకొలది, తమకు తెలియకయే గుహను కొలుచు విద్య నేర్చిరి. పిమ్మట నిజమైన బెడ్‌క్విల్ట్ దారిలోనికి బోయినవారిలో కొందఱు, త్రోవ తమకు ముందే తెలిసియుండుట చూచి విస్మయపడిరి. 2005లో డెనిస్ జెర్జ్ అను ఆచార్యుడు స్నేహితులతో ఆ గుహలో దిగి, ఆటలోని చోట్లను నిజమైన చోట్లతో సరిచూచెను. స్టాన్‌ఫర్డులో వుడ్స్ పాతఖాతాలోనుండి క్రౌథర్ మొదటి ప్రతి బయటపడగా, 2007లో ఆ విశేషములన్నియు ప్రకటించెను. అఱలు, సందులు చాలవఱకు సరిపోయినవి.

ఇక రెండవ మజిలీ. 1993 సెప్టెంబరులో ర్యాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అను నన్నదమ్ములు వాషింగ్టన్ రాష్ట్రములోని స్పోకేన్ పట్టణ ప్రాంతమునుండి మిస్ట్ అను ఆటను వెలువరించిరి. ఇందు బొమ్మలున్నవి, సుమారు 2,500. కాని కదలని బొమ్మలు. ఒకదానిమీద వ్రేలుంచినచో తరువాతిది వచ్చును. నిర్మానుష్యమైన యొక దీవి. గాలి, అలల చప్పుడు. కాలిన పుస్తకములున్న గ్రంథాలయము. ఎవరో ఉండి, ఏదో జరిగి, అందఱు వెళ్లిపోయినట్లుండును. ఏమి చేయవలెనో చెప్పువాడు లేడు. చచ్చుట లేదు. కాలపరిమితి లేదు. ఆట పెట్టెలో ఖాళీ నోటుపుస్తక మొకటి యుంచిరి. కనబడినది వ్రాసికొనుమని దాని యర్థము. ఒకచోట వాద్యపు మెట్లమీద ఒక స్వరక్రమమును వాయించి, ఆ స్వరములనే వేఱొక యంత్రముమీద చెవితో సరిపోల్చి నిలుపవలెను. సంగీతజ్ఞానము బొత్తిగా లేనివారు అచట చాల కష్టపడిరని విందుము. ఇంటిలో హార్మోనియము వాయించువారిని పిలుచుకొని యుందురు.

పోరాటపు టాటల కలవడినవారు దీనిని బొమ్మలప్రదర్శన మని యెగతాళి చేసిరి. ఐనను అది అఱువది లక్షల ప్రతులకు పైగా నమ్ముడుపోయి, 2002వఱకు కంప్యూటరు ఆటల అమ్మకములలో అగ్రస్థానమున నిలిచెను. ఆటలాడుట తమ పని కాదనుకొన్నవారు, కుఱ్ఱతనము దాటినవారు దానిని కొన్నారు. దీనినిబట్టి నాకు తోచుచున్న దేమనగా, గెలుచుటకు వచ్చువారొకరు, చూచుటకు వచ్చువారు వేఱొకరు; అంతవఱకు రెండవవారికి ఎవ్వరును పీట వేయలేదు.

తరువాతి చరిత్రను త్వరగా చెప్పెదను. 2008లో ఇంగ్లండులోని పోర్ట్‌స్మత్ విశ్వవిద్యాలయమున డియర్ ఎస్తర్ అను ఆటను పరిశోధనగా చేసిరి. అందు స్కాట్లండు ప్రాంతపు దీవిలో నడుచుటయు, ఒక గొంతు చెప్పు మాటలు వినుటయు తప్ప వేఱు పనియే లేదు. నడకయాట యని దానిని వెక్కిరించిరి. 2012లో అమ్మకమునకు పెట్టగా పెట్టుబడి కొన్ని గంటలలోనే తిరిగివచ్చెను. ఆ యేడే వచ్చిన జర్నీ అను ఆటలో ఎడారిలో నడచు బాటసారికి, ఎచటనో తన గదిలో కూర్చుండి యాడుచున్న అపరిచితుడు తోడుగా దొరకును. మాటలాడుటకు వీలు లేదు. చిన్న ధ్వని చేయవచ్చును, అంతే. పేరు గూడ ఆట ముగిసిన పిమ్మటగాని తెలియదు. 2014లో లండనులో చేసిన మాన్యుమెంట్ వ్యాలీ ఫోనుమీద నాడునది. హాలెండు చిత్రకారుడు ఎషర్ గీచిన అసాధ్యమైన మెట్లవంటి మెట్లు, గోపురములు. త్రిప్పి చూచినచో విడివిడిగానున్న రెండు గోడలు కలిసి త్రోవ యగును. పది యధ్యాయములతో అది ముగియును. ముగియుట యను గుణము చిన్నది గాదు. ప్రతిదినము రమ్మని, రానిచో నష్టపోదువని పీడించు ఆటలు నేడు అనేకములున్నవి. ఈ తెగవాటిని వాటితో కలిపి నిందించుట న్యాయము గాదు.

మనశ్శాంతి కలుగునను మాట ఎంతవఱకు నిజము? పెద్దలు నిక్కము తెలియగోరుదురు గనుక ఉన్నదున్నట్లు చెప్పెదను. 2020 మార్చిలో, మహమ్మారిచే లోకమంతయు తలుపులు మూసికొనుచున్న దినములలో, నింటెండో సంస్థ యానిమల్ క్రాసింగ్ అను ఆటను వెలువరించెను. దీవిలో చెట్లు నాటుట, చేపలు పట్టుట, ఇరుగుపొరుగుతో ముచ్చటించుట, ఇదియే ఆట. ఆఱు వారములలో 1 కోటి 34 లక్షల ప్రతులు పోయెను. ఆ యేడు నవంబరులో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు అది మొదలగు రెండాటలు ఆడిన 3,274 మందిని పరిశీలించి, ఎక్కువసే పాడినవారు కొంచెము ఎక్కువ సుఖముగా నున్నట్లు కానవచ్చెనని వ్రాసిరి. కాని 2022లో ఆ బృందమే సుమారు 39,000 మందిని కొంతకాలము వెంబడించి చూడగా, ఆడిన గంటలవలన మంచిగాని చెడుగాని చెప్పదగినంత కలుగలేదని తేలెను. ఇష్టపడి యాడుచున్నాడా, ఆపలేక యాడుచున్నాడా యనుటయే గంటల లెక్కకంటె ముఖ్యముగా వారికి కనబడెను. కనుక ఈ యాటలు మందు గావు. ఔషధముగా వీనిని ఎవరైన అమ్మజూపినచో నమ్మవలదు.

ఐనను ఆకర్షణ యున్నది. దాని కారణము నా బుద్ధికి తోచినంతవఱకు ఇది. మన బ్రతుకులో మూసియున్న తలుపులు చాల యున్నవి. వానిలో కొన్నింటికి తాళపుచెవి లేనే లేదు. వెదకి వెదకి ముసలివార మగుదుము. ఈ యాటలోని తలుపు అట్టిది గాదు. ఎవడో మనుష్యుడు ముందుగా ఆలోచించి తాళము వేసినాడు. వేసినపుడే చెవిని ఎక్కడనో మనకొఱకు దాచినాడు. దొరకకపోవుట మన ఆలస్యమే గాని లోకము యొక్క అన్యాయము గాదు. ఈ నమ్మకముతో చీకటిలో నడచుట హాయిగా నుండును. క్రౌథర్ విషయమున అది మఱింత స్పష్టము. తన యింటి తలుపు మూసికొనిపోయిన యొక తండ్రి, తన బిడ్డలు తెఱవగలిగిన తలుపులు గల గుహను కట్టెను. లక్షలమంది ఆ బిడ్డలతో పాటు లోనికి పోయిరి.

ఆ పోయినవారిలో రాబర్టా విలియమ్స్ అను కాలిఫోర్నియా గృహిణి యొకతె. 1970వ దశాబ్ది చివర ఆ యాట నాడి, భోజనముల యెట వంటబల్లమీద తానే యొక ఆటకు పటము గీచెను. భర్త కెన్ విలియమ్స్ దానిని కంప్యూటరున కెక్కించెను. 1980లో వెలువడిన ఆ మిస్టరీ హౌస్ మాటలకు బొమ్మలు చేర్చిన తొలి సాహసపుటాట. దానిమీద వారు పెద్ద సంస్థను నిర్మించి, పిమ్మట అమ్మి, ఆ వ్యాపారము విడిచి, పడవలో సముద్రములు దిరిగిరి. 2020 తరువాత, మహమ్మారి దినములలో ఇంట కూర్చుండవలసి రాగా, ఆమెకు మొదటి గుహ జ్ఞప్తికి వచ్చెను. క్రౌథర్, వుడ్స్ కూర్చిన గుహనే, చోటు మార్పక, చిక్కు మార్పక, కంటికి కనబడునట్లు బొమ్మలతో కట్టించెను. 2023 జనవరిలో అది వెలువడినది. అప్పటి కామెకు 69 సంవత్సరములు. అందును ఆట ఆ యిటుకల యింటి యెదుటనే మొదలగును; సెలయేఱు పాఱుచుండును; దీపము లోపల నున్నది.